పళ్లెం కనిపించే లోతు

పునర్వసు కార్తె, రెండో రోజు

నలుసు కేంద్రం అమ్మాయి హసీనా నిన్న ఊరికి వచ్చి చెప్పి వెళ్లింది. నలుసు ఎరువు తీసుకున్న ప్రతి ఇంటివాళ్లూ చేలో, నీళ్లలో ఏం చూశారో పంట తీసేదాకా చెబుతూ ఉండాలట. అందరూ స్తంభానికి తగిలించిన మాటపెట్టె ముందు నిలబడి చెబుతున్నారు. నాకు దాని ముందు గొంతు పెగలదు. వెనక నలుగురు వింటూ ఉంటారు. రాసిస్తానన్నాను.

"రాసియ్ తాతా. రెండు మాటలైనా చాలు" అంది.

నా పేరు సుంకన్న. అడుగూరిలో మడుగు కావలి పని నాది.

అడుగూరు పాత జలాశయం అడుగున ఉంది. నా చిన్నప్పుడు ఇక్కడ తాటిచెట్టు మునిగేంత నీళ్లుండేవి. పైన నది ఎండింది, ఒండ్రు పేరుకుంది, నీళ్లు వెనక్కి పోయాయి. మిగిలింది నల్లటి నేల, తూర్పున ఆనకట్ట గోడ, గోడ మొదట్లో ఒక మడుగు. గోడ అడ్డం ఉన్నందుకు మాకు పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. ఊరందరం ఆ మడుగు నీళ్లే తాగుతాం. పశువులూ అవే తాగుతాయి.

రోజూ పొద్దున చెక్కల మీద నడిచి మడుగు మధ్యకు పోతాను. తెల్ల పింగాణీ పళ్లేనికి అడుగున రాయి కట్టి తాడుతో దింపుతాను. తాడుకు మూరకొక ముడి. పళ్లెం కంటికి కనిపించకుండా పోయేది ఎన్నో ముడి దగ్గరో చూసి పలక మీద రాస్తాను. ఈరోజు ఐదో ముడి. నీళ్లు బాగున్నాయి.

ఒక్క ముడి లోపలే పళ్లెం మాయమైతే నీటి కచేరి వాళ్లు మడుగు మూసేస్తారు. మడుగు లేకపోతే ఊరు లేదు. పట్నంలో అంతస్తుల ఎత్తిళ్లలో ఇంటికొక గది ఇస్తారు. పైన ఉన్న రెండు ఊళ్లు అట్లాగే పోయాయి. వాళ్లు బస్తాల్లో వచ్చే విడి ఎరువు చల్లారు. అది వానకు కొట్టుకొచ్చి నీళ్లు పచ్చబడ్డాయి, పశువులు చచ్చాయి. అప్పటినుంచి జలాశయం అడుగున విడి ఎరువు చల్లకూడదు. నలుసుతోనే సేద్యం.

పునర్వసు కార్తె, విత్తనం పడ్డ రోజు

నేల పదునుగా ఉంది. వేరుశనగ వేశాం. హసీనా అగ్గిపెట్టెలంత డబ్బాలు తెచ్చి ఎకరానికొకటి పంచింది. పాతకాలంలో అంత నేలకు బస్తాలు బండి మీద తోలేవాళ్లు.

ఈరమ్మ డబ్బా మూత తీసి చూసింది. ఈరమ్మకు మూడు బర్రెలు, చిన్న చేను. ఊళ్లో పాడి అంటే ఆమె కొట్టమే. "ఇది ఎరువా, ముక్కుపొడుమా పాపా?" అంది.

"మూత పెట్టవ్వా, గాలికి పోతాది" అంది హసీనా. "అందులో ఉండేది భాస్వరం. ఒక్కో నలుసు మీద సన్నని పొర ఉంటాది. వానకు కరగదు, ఎండకు కరగదు. వేరుకు ఆకలైతే రొంత పులుపు వదుల్తాది. ఆ పులుపు తగిలితేనే పొర విచ్చుకుంటాది. వేరు పిలవంది నలుసు రాదు."

"మా ఆయప్ప కంటే నయమే. ఆయప్ప పిలిచినా వచ్చేటోడు కాదు" అంది ఈరమ్మ, పోయిన మొగుణ్ని తలుచుకొని.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కొంచెం పక్కకు తిరిగి.

డబ్బాలోది నీళ్లలో కలిపి తూనీగల కడుపుల్లో పోశారు. తూనీగ అంటే చేల మీద ఎగురుతూ చల్లే చిన్న యంత్రం. ఏ చేలో ఏం చల్లిందో అదే లెక్క పెట్టుకుంటుంది. పొద్దు గుంకేలోగా అన్ని చేలూ అయ్యాయి. నాది ఆఖరు. నా చేను మడుగును ఆనుకొని, అన్నిటికంటే పల్లంలో ఉంటుంది. పై చేల నీళ్లన్నీ నా చేలోనుంచే పారి, చివర గండిలో పడి మడుగులోకి పోతాయి.

ఈ ఏడు నాకు పంట రావాలి. నిరుడు వాన లేక గింజ చేతికి రాలేదు. వరసగా రెండేళ్లు పంట తీయనివాళ్ల చేను కచేరి వాళ్లు వేరేవాళ్లకు రాసిస్తారు. చేను లేనివాళ్లకు ఊళ్లో చోటు లేదు.

పుష్యమి కార్తె, ముసురు

మూడు రోజులుగా వాన. ఇట్లాంటి వాన చూసి చాలా ఏళ్లయింది. మొలకలు బాగా వచ్చాయి. నా చేలో పల్లంలో కొన్ని కుళ్లాయి. మిగతావి పచ్చగా ఉన్నాయి.

పళ్లెం నాలుగో ముడి దాటింది. కొత్త నీళ్లు వచ్చాయి కదా, మట్టి తేరుకుంటే సరిపోతుంది.

ఊరి పెద్ద మద్దిలేటి చెక్కల దాకా వచ్చాడు. "ఏం మామా, ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది."

"ఇంకో మాట చెప్తే నోరు అరుగుతాదా?"

"వాన బాగుండాది" అన్నాను.

ఆశ్లేష కార్తె, మబ్బు

ఆకు మీద మచ్చ పడింది. తిక్క తెగులు. తేమ ఎక్కువైతే వేరుశనగకు వచ్చేదే. పోయిన రెండేళ్లు వాన లేక రాలేదు. నలుసు వచ్చినాక ఇదే మొదటిసారి.

పొద్దున్నే ఈరమ్మ కొట్టం దగ్గర కుండలతో జనం. నేనూ ఒక కుండ తెచ్చుకున్నాను. మధ్యాహ్నానికి చేలో పని అయిపోయింది. ఊరంతా అదే పని మీద ఉంది. ఒక వారం ఆగి మళ్లీ చేయాలి.

పళ్లెం నాలుగో ముడి.

ఆశ్లేష కార్తె, చివరి రోజులు

పళ్లెం మూడో ముడి దగ్గరే మాయమైంది. కళ్లు తుడుచుకొని మళ్లీ దింపాను. అంతే. మట్టి రంగు కాదు. పచ్చ.

మాటపెట్టె దగ్గరకు పోయి, ఎవరూ లేనప్పుడు చూసి, ఒక్క మాట చెప్పాను. "మూడు."

మరునాడే హసీనా వచ్చింది. చెక్కల మీద మోకాళ్ల మీద కూర్చుని సీసాలో నీళ్లు పట్టింది. తర్వాత ఇంటింటికీ తిరిగింది. నన్ను వెంట రమ్మంది, దారి చూపడానికి. ప్రతి గడప దగ్గరా ఒకటే అడిగింది.

"ఈ కార్తెలో చేనుకు మందేమన్నా కొట్టినారా?"

"యాడిది మందు పాపా. కొట్టలేదు."

"విడి ఎరువు?"

"అబ్బే. దొరకను గూడా దొరకదు."

మద్దిలేటి అయితే ఒట్టు వేశాడు. నన్నూ అడిగింది. లేదన్నాను. ఎవరూ అబద్ధం చెప్పలేదు. తూనీగల లెక్కలో కూడా విత్తిననాటి నలుసు తప్ప ఏమీ లేదు.

మఖ కార్తె, ఎండ

పళ్లెం రెండో ముడి. ఒడ్డున పచ్చటి మీగడలాగా కడుతోంది. తాగే నీళ్లకు ఒడ్డుకు దూరంగా ఇసుకలో చెలమలు తవ్వుకున్నాం. చెలమ నీళ్లు బాగానే ఉన్నాయి. ఎన్నాళ్లుంటాయో తెలియదు.

హసీనా నా చేలో మట్టి తవ్వి భూతద్దం కింద పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. నన్నూ చూడమంది. అద్దంలో చిన్న చిన్న గుడ్డు పెంకుల్లాంటివి కనబడ్డాయి. అన్నీ పగిలి ఉన్నాయి.

"వేరు దగ్గర పగిలితే సరే తాతా. ఇవి సాళ్ల నడుమ మట్టి. ఇక్కడ వేరే లేదు. ఎవురు పిలిస్తే ఇవి విచ్చుకున్యాయి?"

నాకేం తెలుసు.

"ఈ పొర చేసింది నేనే" అంది. "జలాశయం అడుగున మనుషులు సేద్యం చేసినా నీళ్లకు ఏమీ కాదని కచేరిలో సంతకం పెట్టింది గూడా నేనే. పొర మంచిది కాదంటే నలుసు వాపసు తీసుకోవల్ల. నలుసు లేకుంటే ఇక్కడ సేద్యం లేదు. నీళ్లు చెడినా ఊరు పాయె, నీళ్లు బాగుచెయ్యాలని నలుసు తీసినా ఊరు పాయె."

గట్టు మీద కూర్చుంది. నా సద్దిమూటలో రొట్టె ఉంటే సగం తుంచి ఇచ్చాను. తినింది.

పుబ్బ కార్తెలో వచ్చి చూస్తామని కచేరి నుంచి మాటపెట్టెకు కబురొచ్చింది. ఊరంతా విన్నది.

మఖ కార్తె, మరో వారం

ఈరమ్మ బర్రె చుక్కి నిన్న సాయంత్రం ఒడ్డు నీళ్లు తాగింది. పగ్గం తెంచుకొని పోయిందట. పొద్దునకు నెమరు ఆపేసింది. నోట్లో నురగ. నేను పోయేసరికి ఈరమ్మ దాని తల ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది.

"సుంకన్నా, ఇది పోతే నా ఇంట్లో ఇంకెవురుండారు?" అంది.

మిగతా రెండు బర్రెలు ఉన్నాయి. ఆ మాట అనలేదు. నీళ్లు వేడి చేసి ఇచ్చాను.

హసీనా కేంద్రం నుంచి బొగ్గుపొడి తెచ్చింది. నీళ్లలో కలిపి గొట్టంతో తాపించింది. బొగ్గు లోపలి విషాన్ని పట్టుకుంటుందట. బర్రె కాళ్లు తన్నింది. ముగ్గురం పట్టుకున్నాం. అయినాక హసీనా గోడకు వీపు ఆనించి కూర్చుంది. ముఖమంతా బొగ్గు.

అప్పుడు ముక్కు చిట్లించింది. "ఏంది అవ్వా ఈ వాసన? కండ్లలో నీళ్లు వస్తాండాయి."

"యాడిది? ఆ కుండలా? మజ్జిగ."

కొట్టం మూలన బూడిదలో కుదురుగా కుండలు. మూతులకు గుడ్డలు కట్టి ఉన్నాయి.

"ఇంత పుల్లగా ఎవురు తాగుతారు?"

"తాగేటందుకు కాదు పాపా. పది దినాలు పులియబెట్టల్ల. చేనుకు. ఆకుమచ్చ పడితే నీళ్లలో కలిపి వేపమండతో చల్లుతారు. ఊరంతా నా దగ్గరే కదా పట్టుకపొయ్యేది."

హసీనా కుండల వైపు తిరిగింది. "ఎప్పుడు చల్లినారు?"

"ఆశ్లేషలో ఒకసారి. మళ్లా వారానికి. నిన్న గూడా కొందరు కొట్టినారు."

"తూనీగతోనా?"

"తూనీగలో పోస్తే ముక్కు పూడుకపోతాది. చేత్తోనే."

"నేను మందు కొట్టినారా అని ఇంటింటికీ అడిగితే ఎవ్వరూ చెప్పలేదే అవ్వా."

ఈరమ్మ ఆమెను వింతగా చూసింది. "మజ్జిగ మందెట్లయితాది?"

హసీనా లేచి గ్లాసు తెమ్మంది. సంచిలోంచి డబ్బా తీసి గోటితో చిటికెడు నలుసు నీళ్లలో వేసింది. కాగితం ముక్క ముంచింది. కాగితం తెల్లగానే ఉంది. తర్వాత కుండలోంచి ఒక గరిటె మజ్జిగ పోసింది. కాసేపాగి ఇంకో కాగితం ముంచింది. అది నీలంగా మారింది. భాస్వరం బయటపడితే వచ్చే రంగట.

"వేరు పిలిచిందనుకున్యాయి" అంది హసీనా. "పులుపు తగిలింది కదా. పాపం, అన్నీ ఒకేసారి వచ్చేసినాయి."

నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. బొగ్గు ముఖం.

నేను రెండు సార్లు చల్లాను. ఇక్కడ రాయలేదు. దాచి కాదు. ఇల్లు ఊడ్చానని, కాళ్లు కడుక్కున్నానని ఎవరు రాస్తారు.

మఖ కార్తె, ఊరు కూడిన రోజు

మాటపెట్టె స్తంభం కింద అందరూ చేరారు. హసీనా గ్లాసులు పెట్టి మళ్లీ చూపించింది.

వెనక నుంచి ఒకడు అన్నాడు, "అయితే ఈరమ్మ మజ్జిగే ఊరు ముంచిందన్నమాట."

"నేనేమన్నా మీ చేలకొచ్చి పోసినానా?" అంది ఈరమ్మ. "నాకు ముందు, నాకు ముందు అని పొద్దు పొడవకముందే కుండలు పట్టుకొని కొట్లాడుకున్యారు. నీ కుండకు చిల్లుంటే మైనం పెట్టి మరీ పోసిస్తి. అదిప్పుడు గుర్తులేదా?"

వాడు వెనక్కి తగ్గాడు.

"అవ్వది తప్పు లేదు" అంది హసీనా. "నేను మందు అని అడిగినా. ఇంకా ఏమేం చల్లుతారని అడగలేదు. పొర చేసేటప్పుడు మట్టిలో చూసినా, వానలో చూసినా, ఎండలో చూసినా. మజ్జిగలో చూడాలని నాకు తట్టలేదు."

మద్దిలేటి తల గోక్కున్నాడు. "ఇప్పుడు మజ్జిగ ఆపితే మచ్చ ఆకునంతా తినేస్తాది పాపా. మూడో వంతు పంట పాయె."

"పోతాది. ఆపకుంటే మొత్తం పోతాది."

"ఆపినా పక్కోడు ఆపుతాడని ఏం నమ్మకం?"

"కుండలు నా దగ్గరే కదా ఉండేది" అంది ఈరమ్మ. "నేనియ్యను. ఇంగ ఎవురికీ ఇయ్యను."

పెద్ద చర్చ అవసరం రాలేదు. అయితే హసీనా అంతటితో ఆగలేదు. ఇప్పటికే విచ్చుకున్న భాస్వరం చేలల్లో పైపైనే ఉందంది. వచ్చే పెద్ద వానకు అది మొత్తం మడుగులోకి దిగుతుంది. ఇప్పుడు రెండో ముడి కూడా లేదు. ఆ వాన పడితే ఇక పళ్లెం దింపాల్సిన పని ఉండదు.

పడమర మబ్బు పట్టి ఉంది.

"నీళ్లు మడుగులో పడకముందే యాడన్నా నిలబెట్టల్ల" అంది. "నిలబెట్టి గడ్డి పెంచితే గడ్డి ఆ భాస్వరం తాగేస్తాది. గోడ సందుల్లో నీటిగడ్డి ఉండాది కదా, అది పనికొస్తాది. కానీ అన్ని చేల నీళ్లూ ఒకచోట చేరే తావు కావల్ల."

ఎక్కడని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. అయినా ఎవరూ నా వైపు చూడలేదు. మద్దిలేటి తన కాళ్ల వంక చూసుకుంటున్నాడు. హసీనా సీసాలు సర్దుతోంది. సర్దినవే మళ్లీ సర్దుతోంది.

నా చెవులు వేడెక్కాయి. మనుషుల మధ్య మాట్లాడాల్సి వస్తే నాకు అట్లాగే అవుతుంది.

"నా చేను చివర గండి పూడ్చండి" అన్నాను.

"ఏమన్యావు మామా?" అన్నాడు మద్దిలేటి. వినపడలేదో, వినపడిందే మళ్లీ వినాలనుకున్నాడో.

"గండి పూడ్చి కట్ట ఎత్తు చెయ్యండి. నీళ్లు నిలుస్తాయి."

ఈరమ్మ ముందుకొచ్చింది. "నీకేమన్నా మతి పోయిందా సుంకన్నా? నిరుడు గింజ లేదు నీకు. ఈ ఏడు గూడా పోతే కచేరోళ్లు నీ చేను ఇంకొకరికి రాస్తారు. అప్పుడు నువ్వు యాడుంటావు?"

పార తెచ్చుకోవడానికి ఇంటికి పోయాను. తిరిగి వచ్చేసరికి నా చేలో ముప్పై పారలు ఉన్నాయి.

మఖ కార్తె, కట్ట వేసిన మరునాడు

నిన్నంతా కట్ట పోశాం. ఈరోజు ఆడవాళ్లు గోడ సందుల్లోంచి నీటిగడ్డి వేర్లతో పెకలించి గంపల్లో తెచ్చారు. నాటాలంటే ముందు నా వేరుశనగ పీకాలి.

మొదటి చెట్టు నేనే పీకాను. కాయలు ఊరుతున్నాయి. నొక్కితే లోపల నీళ్లు. గింజ ఇంకా గట్టిపడలేదు.

ఈరమ్మ నా వెనకాలే సాలు పట్టింది. పీకిన చెట్లు మోపు కట్టింది. "పచ్చిమేత. చుక్కి నిన్న సాయంత్రం నెమరు వేసింది. ఇది తింటే లేస్తాది" అంది.

లేస్తే బాగుండు అనుకున్నాను. చెప్పలేదు. ఇంకో మోపు కట్టి ఇచ్చాను.

పుబ్బ కార్తె, వాన తర్వాత

పడింది. రాత్రంతా, పగలంతా. గోడ మీద నీళ్లు తెరలు తెరలుగా జారాయి. పై చేలనుంచి వచ్చిన నీళ్లన్నీ నా చేలో నిలిచాయి. కట్ట ఒకచోట కారింది. మద్దిలేటి తన పంచె చుట్టి, మట్టి కుక్కి, దాని మీద కూర్చున్నాడు. ఎంత పిలిచినా లేవలేదు. వాన ఆగేదాకా అక్కడే ఉన్నాడు. అప్పటినుంచి తుమ్ముతున్నాడు.

నా చేను ఇప్పుడు చిన్న చెరువు. వారం తిరిగేలోగా అది పచ్చగా, చిక్కగా అయింది. మడుగుకు పట్టాల్సిన గతి దీనికి పట్టింది.

పుబ్బ కార్తె, కచేరి వాళ్లు వచ్చిన రోజు

కచేరి నుంచి ఒక ఆమె వచ్చింది. నడివయసు మనిషి. బూట్లు విప్పి చేత పట్టుకొని చెక్కల మీద నడిచింది. పళ్లెం తనే దింపుతానంది. తాడు ఇచ్చాను. ఊరంతా ఒడ్డున నిలబడింది.

మొదటి ముడి నీళ్లలో మునిగింది. పళ్లెం కనబడుతోంది. ఇంకొంచెం వదిలింది. ఇంకో జానెడు. అప్పుడు పోయింది.

"ఒకటిన్నర" అంది. మళ్లీ దింపి చూసింది. అదే.

హసీనా జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. మజ్జిగ, పొర, తను అడగని ప్రశ్న, అన్నీ. కచేరామె మధ్యలో ఒకసారి "మజ్జిగా?" అంది, అంతే. నా చెరువు చుట్టూ తిరిగింది. కట్ట మీద మద్దిలేటి పంచె కొస ఇంకా బయటికి వేలాడుతోంది.

"చిత్త కార్తెలో మళ్లా వస్తా" అంది. "అప్పటికి మూడు ముళ్లు కనపడితే మడుగు ఉంటుంది."

ఉత్తర కార్తె

నీటిగడ్డి నడుము ఎత్తు పెరిగింది. అంత బలం దానికి ఎక్కడిదో అందరికీ తెలుసు. పెరిగింది కోస్తేనే మళ్లీ పెరిగి మళ్లీ తాగుతుందని హసీనా చెప్పింది. కోయకుండా కుళ్లనిస్తే తాగింది మళ్లీ నీళ్లలోకే వదులుతుందట.

ఈరమ్మ రోజూ కొడవలి తెస్తోంది. ఆమె కోస్తుంది, నేను ఒడ్డుకు చేరుస్తాను. మూడు బర్రెలకూ అదే మేత. చుక్కి మునుపటికన్నా నిగనిగలాడుతోంది. కొట్టం పేడ మద్దిలేటి చేలోకి, ఇంకా పై చేలల్లోకి పోతోంది. మడుగులో పడాల్సింది గడ్డిలోకి, గడ్డిలోంచి బర్రెలోకి, బర్రెలోంచి చేనుకు పోతోంది. హసీనా ఆ పేడ తీసుకుపోయి చూసింది. వచ్చే ఏడు పై చేలకు సగం డబ్బా నలుసు చాలంది. తూనీగతో పైన చల్లించకుండా, విత్తనంతోపాటు సాలు లోతున వేయిస్తుందట. అప్పుడు ఆకు మీద మజ్జిగ చల్లినా దాన్ని తాకదు. కొత్త పొర కూడా చేస్తోంది. దాన్ని ఈసారి ముందు ఈరమ్మ కుండలో ముంచి చూస్తానంది.

"నా కుండ నీకు ఊరికే ఇయ్యను పాపా" అంది ఈరమ్మ. "బర్రెకు గంట కొనియ్యి."

మడుగులోకి కొత్తగా భాస్వరం దిగడం లేదు. పళ్లెం రెండున్నర.

చిత్త కార్తె, ఎండ

కచేరామె వచ్చింది. మూడో ముడి దాటి ఇంకో బెత్తెడు కనబడింది. మద్దిలేటి కళ్లు తుడుచుకున్నాడు, జలుబు ఇంకా తగ్గలేదన్నాడు. మడుగు మాదే. ఊరు ఉంటుంది.

మిగతా చేలల్లో వేరుశనగ పీకడం అయిపోయింది. మచ్చ వల్ల మూడో వంతు పోయింది. మిగిలింది గింజ గట్టిగా ఉంది.

తర్వాత ఆమె చేల లెక్క చూసింది. ఒక్కో చేను పేరు పిలిచి ఏం పండిందో అడిగింది. ఆఖరున నాది పిలిచింది.

"సుంకన్న చేను. నిరుడు పంట లేదు. ఈ ఏడు వేరుశనగ?"

"పీకేసినాం" అన్నాను.

"అయితే ఈ ఏడు కూడా పంట లేదు."

ఆమె కోపంగా అనలేదు. ఉన్నది చెప్పింది. హసీనా ఏదో అనబోయింది. మద్దిలేటి కూడా. ఇద్దరికంటే ముందు ఈరమ్మ అందుకుంది.

"పంట లేదని ఎవురన్యారమ్మా? నా మూడు బర్రెలు రెండు నెల్లుగా యాడ మేస్తాండాయి?"

"అది గడ్డి కదమ్మా."

"గడ్డే. నాటినాము, నీళ్లు కట్టినాము, కోసినాము, మోపులేసినాము. మళ్లా పెరిగింది, మళ్లా కోసినాము. శెనక్కాయ ఒక్కసారే వస్తాది. ఇది ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది. ఇది పంట కాకుంటే నువ్వు పొద్దున తాగిన పాలు యాడియి?"

కచేరామె పెదవుల మధ్య నవ్వు దాచుకుంది. నిజమే, పొద్దున ఈరమ్మే చెంబుడు పాలు కాచి ఇచ్చింది. ఆమె నా చెరువు వంక చూసింది. గాలికి గడ్డి ఒక పక్కకు వాలి మళ్లీ లేచింది.

"ఎవరు కోస్తారు?" అని నన్ను అడిగింది.

ఊరంతా నా వైపు చూస్తోంది. చెవులు వేడెక్కాయి.

"ఈరమ్మ. నేను మోస్తా" అన్నాను.

ఆమె రాసుకుంది. ఏం రాసిందో నేను చదవలేదు. మద్దిలేటి మెడ చాచి చూసి చెప్పాడు. పచ్చిమేత, నాలుగు కోతలు. చేను సుంకన్నదే.

సాయంత్రం గడ్డి కోయడానికి పోయాం. ఈరమ్మ ముందు, నేను వెనక. నీళ్లలో మోకాళ్ల దాకా దిగి ఆమె కోస్తూ పోయింది. నేను కట్ట మీద నిలబడి చాలాసేపు మాట వెతుక్కున్నాను.

"రేపటి నుంచి నేనే కోసి పెడతా. నీకు మోకాళ్ల నొప్పి కదా" అన్నాను. "నువ్వు ఊరికే వచ్చి కూర్చుంటే చాలు."

ఆమె కొడవలి ఆపింది. తల ఎత్తి నన్ను చూసింది.

"ఊరికే వచ్చి కూర్చోవల్లనా?"

"ఊఁ."

"కూర్చుంటే ఊళ్లో ఏమనుకుంటారు?"

గడ్డి వంక చూశాను.

"అనుకోనీలే" అంది ఆమే, మళ్లీ వంగుతూ. ఇంకో నాలుగు పిడికిళ్లు కోసి మోపు కట్టింది. ఒడ్డుకొచ్చి తల మీద చుట్టకుదురు సర్దుకుంది.

"చూస్తావేంది. ఎత్తు" అంది.

ఎత్తాను.